మునిసిపాలిటీ వెబ్‌సైట్‌ను దివ్యాంగులు వాడుకునేలా సరిచేయడం ఎలా?

పురపాలక కార్యాలయాల్లో పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్లు, సైట్లు చేసిపెట్టే చిన్న కంపెనీల కుర్రాళ్లు, ఊళ్లలోని దివ్యాంగుల సంఘాల వాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "మా సైటు చూపులేనివాళ్లకు పనికిరావడం లేదంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

చాలామంది పై మూలన అక్షరాల సైజు మార్చే 'ఏ+', 'ఏ−' బొత్తాలు పెట్టి పని అయిపోయిందనుకుంటారు. ఆ బొత్తాలు చేసే పని బ్రౌజరు ఎలాగూ చేస్తుంది. నేను చూసినంతలో మన సైట్లలో పెద్ద అడ్డంకి అక్షరంలా కనిపిస్తూ అక్షరం కాని సరుకు: స్కాన్ చేసిన నోటీసులు, పాత ఫాంట్ల పీడీఎఫ్‌లు, పోస్టరు బొమ్మలు. అందుకే ఈ మార్గదర్శిలో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. ముందు ఐదు పనులు ఎంచుకోండి

సైటు మొత్తం ఒకేసారి సరిచేద్దామని కూర్చుంటే మూడో రోజుకు వదిలేస్తారు. జనం ఏ పని మీద సైటుకు వస్తున్నారో కౌంటరులో కూర్చునే గుమస్తాను అడగండి, పది నిమిషాల్లో చెప్పేస్తారు. మామూలుగా తేలేవి ఇవి:

- ఆస్తి పన్ను బకాయి చూసుకుని కట్టడం
- జనన, మరణ ధ్రువపత్రాలు
- కుళాయి కనెక్షన్, నీటి బిల్లు
- వీధి దీపం, చెత్త, మురుగు కాలువ ఫిర్యాదులు
- ఫలానా పనికి ఎవరిని కలవాలి, వాళ్ల ఫోను నంబరు ఏమిటి

ఒక్కో పనినీ మొదటి పేజీ నుంచి రసీదు చేతికొచ్చేదాకా మెట్లుగా కాగితం మీద రాయండి. పరీక్ష కూడా ఆ వరసలోనే చేయాలి. పన్ను కట్టే దారిలో చివరి మెట్టు దగ్గర క్యాప్చా (మనిషేనని తేల్చుకోవడానికి కొట్టించే వంకర అక్షరాలు) ఆపేస్తే, ముందున్న మెట్లన్నీ ఎంత నున్నగా ఉన్నా ఆ మనిషి ఆటో కట్టించుకుని కార్యాలయానికి రావాల్సిందే.

## 2. మీ చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీయండి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా మునిసిపాలిటీల సైట్లు పురపాలక శాఖ ఇచ్చిన ఉమ్మడి అచ్చులో నడుస్తాయి. మెనూ, రంగులు, చెల్లింపు పేజీ మీరు ముట్టుకోలేరు. ప్రకటనలు, పీడీఎఫ్‌లు, ఫొటోలు, పేజీల్లోని రాత మాత్రం మీవే. కనిపించిన ప్రతి లోపాన్నీ ఈ రెండింట్లో ఏదో ఒక ఖాతాలో వేయండి.

మీ చేతిలో ఉన్న ఖాతా పని రేపే మొదలుపెట్టొచ్చు. చేతిలో లేని ఖాతాకు పైకి ఉత్తరం రాయాలి. "సైటు బాగాలేదు" అని రాస్తే ఆ ఉత్తరం ఫైల్లోనే పడి ఉంటుంది. ఏ పేజీ, ఏ మెట్టు, ఏమైంది, ఏమి కావాలి అన్నవి రాయండి. కింద ఈ ఆధారాలు చేర్చండి:

- దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 42: సమాచార, సాంకేతిక సేవలు అందరికీ అందుబాటులో ఉండేలా ప్రభుత్వం చూడాలి. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది.
- ఐఎస్ 17802: డిజిటల్ అందుబాటుకు భారతీయ ప్రమాణం. 2023లో చట్టం కింది నియమాల్లో చేర్చారు.
- జీఐజీడబ్ల్యూ 3.0: ప్రభుత్వ వెబ్‌సైట్లకూ యాప్‌లకూ కేంద్రం 2023లో తెచ్చిన మార్గదర్శకాలు.
- సుప్రీంకోర్టు, 2025 ఏప్రిల్ 30: డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పిన తీర్పు.

కమిషనర్ గారికి పెట్టే నోట్‌ఫైల్‌కు కూడా ఈ నాలుగూ చాలు. అంతకన్నా పొడుగు నోట్ ఎవరూ చదవరు.

## 3. సరంజామా

ఖర్చు దాదాపు లేదు.

- విండోస్ కంప్యూటరు, అందులో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను గట్టిగా చదివి వినిపించే సాఫ్ట్‌వేరు). దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. మరమనిషి గొంతే, కానీ రోజూ వినేవాళ్లు దానికి అలవాటు పడి ఉంటారు.
- ఆండ్రాయిడ్ ఫోను, అందులోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్. చాలామంది దివ్యాంగులు సైటు తెరిచేది ఫోనులోనే కాబట్టి ఇది మానకండి.
- పేజీలోని లోపాలను వెతికిపెట్టే యాక్స్ లేదా వేవ్, బ్రౌజరులో పెట్టుకునేవి.
- రాత రంగుకూ వెనక రంగుకూ మధ్య తేడాను (కాంట్రాస్ట్) లెక్కగట్టే పరికరం ఏదైనా ఒకటి.

ఎన్‌వీడీఏలో ఈ కీలు నేర్చుకుంటే చాలు: శీర్షిక నుంచి శీర్షికకు 'హెచ్', లింకులకు 'కె', ఫారం గడులకు 'ఎఫ్', బొమ్మలకు 'జి', పట్టికలకు 'టి'. మొదటి రోజు ఆ గొంతు చిరాకు పెడుతుంది. వేగం తగ్గించుకుని వినండి.

ఒక హెచ్చరిక. యాక్స్, వేవ్ లాంటివి బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు వినిపించే రాత) ఉందో లేదో చెబుతాయి. అందులో రాసింది అర్థవంతమో కాదో మనిషే చూడాలి. పేజీకి మార్కులేసే లైట్‌హౌస్ అనే పరికరంలో నూటికి నూరు వచ్చిన పేజీలో కూడా ఫారం నింపలేక ఆగిపోయినవాళ్లను చూశాను.

## 4. మౌసు తీసి పక్కన పెట్టండి

చేతులు వణికేవాళ్లు, మౌసు పట్టుకోలేనివాళ్లు, చూపులేనివాళ్లు అందరూ కీబోర్డు దారిలోనే వస్తారు. ఈ పరీక్షకు అరగంట చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ట్యాబ్ ముందుకు, షిఫ్ట్ ట్యాబ్ వెనక్కి, ఎంటర్ తెరవడానికి, ఎస్కేప్ మూయడానికి.

☐ ఇప్పుడు ఎక్కడున్నామో చూపే గీత ప్రతిచోటా కనిపిస్తోందా? అందంగా లేదని డిజైనర్లు దీన్ని తీసేస్తుంటారు. తిరిగి పెట్టించండి.
☐ మెనూలోని ఉపమెనూలు కీబోర్డుతో తెరుచుకుంటున్నాయా, మౌసు పైన పెడితేనా?
☐ పేజీ తెరవగానే వచ్చే శుభాకాంక్షల పెట్టె ఎస్కేప్‌తో మూతపడుతోందా?
☐ మెనూ అంతా దాటి అసలు విషయానికి వెళ్లే లింకు మొదట్లోనే ఉందా?
☐ తేదీ ఎంచుకునే క్యాలెండరులో ఇరుక్కుపోతున్నామా? ఆ గడిలో తేదీని టైపు చేసే వీలు కూడా ఉండాలి.

మన సైట్లకు ప్రత్యేకమైన రోగం ఇంకోటుంది. తిరిగే ప్రకటనల పట్టీ, మారుతూ ఉండే నాయకుల ఫొటోలు. తనంతట తాను మొదలై 5 సెకన్ల కన్నా ఎక్కువ కదిలే దేనికైనా ఆపే బొత్తాం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ చెబుతుంది. నన్నడిగితే బొత్తాం దేనికి, పట్టీనే తీసేసి చివరి ఐదు ప్రకటనలు తేదీలతో జాబితాగా పెట్టండి. ఫొటోల సంగతి మీ కార్యాలయ రాజకీయం, నేను జోక్యం చేసుకోను.

## 5. అను ఫాంట్ల బెడద

తెలుగు సైట్లకు ఇది పెద్ద గండం. ఇంగ్లీషు మార్గదర్శుల్లో దీని ఊసే ఉండదు.

డీటీపీ రోజుల నుంచి మన కార్యాలయాల్లో అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో టైపు చేయడం అలవాటు. వాటిలో తెరమీద 'ఆ' కనిపించినా, ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. ఫాంటు వేషం మాత్రమే తెలుగు. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదాన్నే చదువుతుంది కాబట్టి విన్నవాళ్లకు పిచ్చి గోల తప్ప ఏమీ అర్థం కాదు. సైటులో వెతికినా దొరకదు, గూగుల్‌కూ అందదు.

పరీక్ష తేలిక. పీడీఎఫ్‌లో రెండు లైన్లు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది:

1. తెలుగు తెలుగుగానే వస్తే: యూనికోడ్, అంటే ఫైలు లోపల కూడా తెలుగు అక్షరమే ఉండే పద్ధతి. బాగుంది.
2. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే: అను లాంటి పాత ఫాంటు.
3. ఏదీ కాపీ కాకపోతే: స్కాన్ బొమ్మ. తర్వాతి మెట్టు చూడండి.

నాలుగో రకం ఒకటి మోసం చేస్తుంది. యూనికోడ్‌లోనే టైపు చేసినా పీడీఎఫ్‌గా మారేటప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. చూడ్డానికి 'ధ్రువపత్రం' బాగానే ఉంటుంది, అతికిస్తే ముక్కలైపోతుంది. అందుకే ప్రతి పీడీఎఫ్‌నూ ఎక్కించే ముందు ఈ నోట్‌ప్యాడ్ పరీక్ష పెట్టాలి.

సరిచేసే వరస:

- కొత్త ఫైళ్లు: ఇవాళ్టి నుంచి యూనికోడ్‌లోనే టైపు చేయించండి. టైపిస్టులు వేగం పోతుందని గొణుగుతారు. వాళ్ల చేతికి అలవాటైన కీబోర్డు అమరికతోనే యూనికోడ్ టైపు చేయించే పరికరం ఇప్పిస్తే గొణుగుడు తగ్గుతుంది.
- పాత ఫైళ్లు: పీడీఎఫ్ కాకుండా మూల ఫైలు సంపాదించి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో పెట్టండి.
- మార్చాక ఒకరు గట్టిగా చదవండి, ఇంకొకరు అసలు కాగితం చూస్తూ సరిపోల్చండి. ఒత్తులు, అంకెలు, బ్రాకెట్లు ముందుగా చూడాలి. పన్ను రేటులో ఒక అంకె మారితే దాని గొడవ వేరే.
- అన్నీ మార్చే ఓపిక లేకపోతే, ఇప్పటికీ చెల్లుబాటులో ఉన్నవే మార్చండి. ఎప్పుడో ముగిసిన టెండరు ప్రకటన జోలికి పోవద్దు.

## 6. స్కాన్ చేసిన నోటీసులు

"సంతకం, ముద్ర ఉన్న కాపీయే పెట్టాలి సార్" అన్న మాట ప్రతి కార్యాలయంలోనూ వింటాను. సరే, పెట్టండి. దాని పైన అదే విషయాన్ని పేజీలో మామూలు రాతగా కూడా పెట్టండి. సంతకం కావాల్సినవాళ్లు స్కాన్ తెరుస్తారు, విషయం కావాల్సినవాళ్లు రాత చదువుతారు లేదా వింటారు. నోటీసును ఎలాగూ కంప్యూటర్లోనే టైపు చేశారు కదా, ఆ ఫైలు ఆ గదిలోనే ఉంటుంది.

మూల ఫైలు దొరకనప్పుడు అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు వాడొచ్చు. ఉచితంగా దొరికే టెసరాక్ట్ తెలుగు గుర్తుపడుతుంది. గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్‌ను డాక్స్‌లో తెరిచినా పని జరుగుతుంది. అచ్చు శుభ్రంగా ఉంటే ఫలితం బాగానే ఉంటుంది, ముద్ర పడిన చోట మాత్రం చేత్తో దిద్దాలి. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న లబ్ధిదారుల జాబితాలను బయటి సేవల్లోకి ఎక్కించకండి. అసలు అలాంటివి సైటులో ఉన్నాయంటే ముందు తీసేయాల్సింది వాటిని.

పీడీఎఫ్ తప్పనిసరైతే వర్డ్ నుంచి తయారుచేసేటప్పుడు:

☐ శీర్షికలను బోల్డ్ కొట్టి వదిలేయకుండా, హెడింగ్ స్టైల్ వాడారా?
☐ 'ప్రింట్' దారిలో కాకుండా 'సేవ్ యాజ్' దారిలో పీడీఎఫ్ చేశారా? ప్రింట్ దారిలో లోపలి నిర్మాణం పోతుంది.
☐ భాష తెలుగు అని పెట్టారా?
☐ ఫైలు పేరు చూస్తే విషయం తెలుస్తోందా? 'స్కాన్ 0047' అంటే ఎవరికి తెలుసు?

పోస్టరు బొమ్మలు కూడా ఈ జాతే. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ముందే కడితే 5 శాతం రాయితీ అని రంగురంగుల పోస్టరు పెడతారు. చూపులేని ఇంటి యజమానికి వినిపించేది 'బొమ్మ' అన్న ఒక్క మాట, ఆ పైన ఫైలు పేరు. రాయితీ ఎంతో, ఆఖరు తేదీ ఏదో బొమ్మ కింద రెండు వాక్యాలు రాస్తే పోయేదేమీ లేదు.

## 7. పేజీ లోపలి అమరిక

భాష గుర్తు. పేజీ కోడులో భాష ఇంగ్లీషు అని ఉండి రాత తెలుగులో ఉంటే, ఇంగ్లీషు గొంతు తెలుగును ముద్దగా చదువుతుంది లేదా దాటేస్తుంది. తెలుగు పేజీకి తెలుగు గుర్తు, మధ్యలో ఇంగ్లీషు పేరా ఉంటే దానికి ఇంగ్లీషు గుర్తు పెట్టించాలి. ఒక్క పదం మార్పు, ఫలితం మాత్రం వెంటనే చెవికి తెలుస్తుంది.

లింకులు. ఒక సైటులో 'కె' కొడుతూ పోతే వరసగా "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని వినిపించింది. పక్కనున్న చూపులేని మిత్రుడు "నొక్కుతాను గానీ దేనికో చెప్పమనండి" అన్నాడు. 'జనన ధ్రువపత్రం దరఖాస్తు ఫారం, పీడీఎఫ్, 2 పేజీలు' అని రాయండి.

ఆల్ట్ టెక్స్ట్. బొమ్మకు బదులు వినిపించే మాట ఇది. వార్డు మ్యాపుకు 'మ్యాపు' అని రాస్తే సరిపోదు. ఏ వీధులు ఏ వార్డులో ఉన్నాయో కింద జాబితా కావాలి. అలంకారం కోసం పెట్టిన పూల గీతకు ఆల్ట్ ఖాళీగా వదలాలి, లేకపోతే దాన్నీ చదివి విసిగిస్తుంది.

పట్టికలు. పన్ను రేట్ల పట్టికలో మొదటి వరసను శీర్షిక వరసగా గుర్తించాలి. అప్పుడే "నివాస భవనం, చదరపు అడుగుకు" అని అంకెతో కలిపి చదువుతుంది. గడులను కలిపేసిన పట్టికలు చెవికి చిక్కుముడులు. ఒకదాన్ని రెండుగా విడగొట్టండి.

## 8. ఫారాలు, క్యాప్చా, ఓటీపీ

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

- ప్రతి గడికీ కోడులో కట్టిన పేరు ఉండాలి. గడి లోపల లేత రంగులో 'అసెస్‌మెంట్ నంబరు' (ఆస్తి పన్ను ఖాతా నంబరు) అని రాసి వదిలేస్తే, టైపు మొదలవగానే అది మాయమవుతుంది. మరపు ఉన్నవాళ్లకు ఏ గడిలో ఉన్నామో గుర్తుండదు.
- అసెస్‌మెంట్ నంబరు ఎక్కడ దొరుకుతుందో, ఎన్ని అంకెలుంటుందో గడికి ముందే చెప్పండి.
- పేరు గడి ఇంగ్లీషు అక్షరాలే తీసుకుంటే ఆ సంగతి ముందే రాయండి. తెలుగులో టైపు చేశాక తిప్పికొట్టకండి.
- తప్పు జరిగితే గడికి ఎర్ర అంచు ఒక్కటే సరిపోదు. 'ఫోను నంబరులో 10 అంకెలు ఉండాలి' అని తెలుగులో రాసి, కర్సరును ఆ గడికే తీసుకెళ్లాలి. నింపినవన్నీ చెరిపేయకూడదు.
- వంకర అక్షరాల క్యాప్చా ఒక్కటే ఉంటే చూపులేనివాళ్లకు తలుపు మూసినట్టే. వినే క్యాప్చా పక్కన పెట్టొచ్చు, కానీ చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లకు అదీ పనిచేయదు. ఫోనుకు ఓటీపీ ఎలాగూ పంపుతున్నప్పుడు క్యాప్చా ఎందుకో కంపెనీని అడగండి. చాలాసార్లు "మొదటి నుంచీ ఉంది సార్" అన్నదే జవాబు.
- ఓటీపీకి, లాగిన్‌కు గడువుంటే, ముగిసేముందు హెచ్చరించి పొడిగించుకునేందుకు కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. మెసేజ్ విని, మళ్లీ బ్రౌజరుకు వచ్చి, అంకెలు కొట్టడానికి టాక్‌బ్యాక్ వాడేవాళ్లకు పట్టే సమయం ఒకసారి మీరే చేసి చూడండి.

## 9. రంగులు, సైజు, తెలుగు ఒత్తులు

మామూలు రాతకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3:1 చాలు. తెల్లటి పేజీ మీద #767676 బూడిద రంగు నెగ్గుతుంది, #777777 తప్పుతుంది. కంటితో చూసి ఈ తేడా చెప్పలేం, కాబట్టి పరికరంతో కొలవండి. పసుపు మీద తెలుపు, తెలుపు మీద నారింజ మన సైట్లలో తరచూ తప్పే జంటలు.

తర్వాత, పేజీని 200 శాతానికి పెంచి చూడండి. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో చేసిన బొత్తాల్లో మన ఒత్తుల తోకలు తెగిపోతాయి. 'రాష్ట్ర', 'స్త్రీ' అన్న మాటలు ప్రతి బొత్తాంలోనూ పెట్టి చూడండి. కింది ఒత్తు కనబడకపోతే ఆ బొత్తాం ఎత్తు స్థిరంగా బిగించారన్నమాట, విప్పించండి. తెలుగు రాతకు లైను ఎత్తు అక్షరానికి 1.6 రెట్లకు తగ్గకుండా పెట్టించడం నా అలవాటు.

ఎరుపు అంటే బకాయి, ఆకుపచ్చ అంటే చెల్లించినట్టు అని రంగుతోనే చెప్పకండి. పక్కన ఆ మాట కూడా రాయండి.

## 10. రాసే మాట

బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకూ, తెలుగు రెండో భాష అయిన బధిరులకూ ఆఫీసు తెలుగు కొరుకుడు పడదు. 'పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి' అని మొదలయ్యే వాక్యం ఎవరికీ కొరుకుడు పడదు, అది వేరే సంగతి. నోటీసు పేజీలో పైన మూడు సంగతులు ఉండాలి: ఎవరికి, ఏం చేయాలి, ఎప్పటిలోగా.

జనం వాడే మాటా చేర్చండి. ఆస్తి పన్నును చాలామంది ఇంటి పన్ను అంటారు. తెలంగాణలో నల్లా బిల్లు అని వెతుకుతారు, ఆంధ్రలో కుళాయి అని.

కౌన్సిల్ సమావేశం వీడియోలు పెడితే తెలుగు క్యాప్షన్లు కావాలి. యంత్రం రాసిన క్యాప్షన్లను ఒకరు దిద్దాకే వదలండి, ముఖ్యంగా పేర్లూ అంకెలూ.

## 11. వాడేవాళ్లతో చూపించండి

మీరు కళ్లు మూసుకుని చేసిన పరీక్ష, రోజూ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు చేసే పరీక్ష ఒకటి కావు. స్థానిక దివ్యాంగుల సంఘం ద్వారా ముగ్గురు నలుగురిని పిలవండి: చూపులేనివారు, చూపు తక్కువైనవారు, చేతుల కదలిక ఇబ్బంది ఉన్నవారు, బధిరులు. దారి ఖర్చులతో పాటు వాళ్ల సమయానికి డబ్బివ్వండి. టీ ఇచ్చి ఫొటో తీసి పంపేయకండి.

మొదటి మెట్టులో రాసుకున్న ఐదు పనులూ వాళ్ల ఫోనులో వాళ్లనే చేయమనండి. మీరు నోరు మెదపకూడదు. "అక్కడ కాదండీ, పైన" అన్నారంటే, ఆ చోటే సరిచేయాల్సిన చోటని రాసుకోండి.

## 12. మళ్లీ పాడవకుండా

సైటు సరిచేసిన మూడు నెలలకు మళ్లీ స్కాన్లతో నిండిపోవడం నాకు అలవాటైన దృశ్యం. ఆపరేటర్ మారతాడు, కొత్తవాడికి ఎవరూ చెప్పరు. అప్‌లోడ్ చేసే కంప్యూటర్ పక్కన గోడకు ఈ చీటీ అంటించండి:

☐ నోట్‌ప్యాడ్ పరీక్ష నెగ్గిందా?
☐ స్కాన్ అయితే రాత కూడా పెట్టామా?
☐ బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ ఉందా?
☐ లింకు పేరు చదివితే విషయం తెలుస్తోందా?
☐ గడువు తీరిన ప్రకటన తీసేశామా?

సైటు పనికి కొత్తగా టెండరు పిలిస్తే షరతుల్లో మూడు వాక్యాలు చేర్చండి. ఐఎస్ 17802 ప్రకారం ఉండాలి. ఆఖరి బిల్లుకు ముందు దివ్యాంగులతో పరీక్ష చేయించి నివేదిక ఇవ్వాలి. అందులో తేలిన లోపాలను అదనపు సొమ్ము అడక్కుండా సరిచేయాలి. ఒక లైను కోడు అతికిస్తే సైటు మొత్తం అందుబాటులోకి వస్తుందని అమ్మజూపే టూల్‌బార్లను ఈ షరతుకు సరిపోయినట్టు లెక్కించకండి. అవి స్కాన్ నోటీసును చదివి పెట్టవు, కట్టని గడి పేరును సరిగా కట్టిపెట్టవు. వాడేవాళ్ల స్క్రీన్ రీడరుతో కొన్నిసార్లు తగాదా కూడా పెట్టుకుంటాయి.

చివరగా, ప్రతి పేజీ అడుగున 'ఈ పేజీ వాడడంలో ఇబ్బందా?' అన్న లింకు, ఫోను నంబరు, మెసేజ్ పంపే నంబరు మూడూ పెట్టండి. ఫోను ఒక్కటే పెడితే బధిరులు చెప్పుకోలేరు. ఆ ఫోను ఎవరి బల్ల మీద మోగుతుందో కూడా ముందే తేల్చుకోండి.